భుజాలు సమానమైతే చాలా? ‘సమబాహు’ను అర్థం చేసుకుని వాడటం ఎలా

మా అక్క కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. ఒకరోజు లెక్కల నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. నాలుగు భుజాలూ 5 సెంటీమీటర్లు ఉన్న బొమ్మ గీసి, కింద ‘చతురస్రం’ అని రాసింది. టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేశారు. “నాలుగూ సమానమే కదా పిన్నీ, కావాలంటే నువ్వే కొలిచి చూడు” అంది. కొలిచాను. నిజంగానే నాలుగూ సమానం. కాకపోతే బొమ్మ ఒక పక్కకు ఒరిగి ఉంది. పిల్ల చెప్పిందీ నిజమే, టీచరు కొట్టేయడమూ న్యాయమే.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ‘సమబాహు’ అనే మాటను మొదటి నుంచి పట్టుకున్నాం. అగ్గిపుల్లలు, కాగితం, వృత్తలేఖిని, చివరికి అమ్మ ముగ్గు డబ్బా కూడా బయటికి వచ్చాయి. మేం చేసినవే ఇక్కడ రాస్తున్నాను. పిల్లలకు లెక్కలు చెప్పాల్సి వచ్చిన వాళ్ళకే కాదు, ఇల్లు కట్టుకుంటున్న వాళ్ళకూ, తోట వేస్తున్న వాళ్ళకూ ఇందులో పనికొచ్చేది ఉంది. చదువుతూ మీరూ చేస్తూ పోండి. చేతితో చేయకపోతే ఈ మాట ఒంటబట్టదు.

ముందు మాటను విడదీయండి

సమ అంటే సమానం. బాహువు అంటే చెయ్యి. మోకాళ్ళ దాకా చేతులున్న మనిషిని ఆజానుబాహుడు అంటాం కదా, ఆ బాహువే ఇది. బొమ్మకు ఉండే ఒక్కో పక్కనూ ఒక చెయ్యిగా ఊహించి బాహువు అన్నారు, భుజం అన్నారు. తెలుగులో భుజం అనగానే చెయ్యి మొదలయ్యే చోటు గుర్తుకొస్తుంది కాబట్టి, త్రిభుజానికి మూడు భుజాలు అంటే చిన్నపిల్లలకు కాస్త వింతగా ఉంటుంది. సంస్కృతంలో భుజం అన్నా చెయ్యే అని ఒక్కసారి చెప్పి చూడండి, ఆ వింత పోతుంది.

గ్రీకులు ఇదే బొమ్మను ఇంకోలా చూశారు. రెండు భుజాలు సమానంగా ఉన్న త్రిభుజాన్ని ఇంగ్లీషులో ఐసోసెలిస్ అంటారు. అది గ్రీకు మాట, అందులో స్కెలోస్ అంటే కాలు. మనవాళ్ళకు చేతులు చాపినట్టు కనిపించింది, వాళ్ళకు రెండు కాళ్ళ మీద నిలబడినట్టు కనిపించింది. మూడూ సమానమైనదానికి ఇంగ్లీషులో వాడే ఈక్విలేటరల్ లాటిన్ నుంచి వచ్చింది, దాని అర్థం సమానమైన పక్కలు కలది అని. ఏ భాషలో చూసినా మాట చెప్పేది పక్కల గురించే. కోణాల గురించి ఒక్క ముక్క లేదు. ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అన్ని చిక్కులూ ఇక్కడే విడిపోతాయి.

త్రిభుజాలను భుజాలను బట్టి మూడు రకాలుగా చెబుతారు. మూడు భుజాలూ సమానమైతే సమబాహు త్రిభుజం. రెండు సమానమైతే సమద్విబాహు త్రిభుజం. ఏ రెండూ సమానం కాకపోతే విషమబాహు త్రిభుజం. ఈ విభజన కొత్తది కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహంలో సమ, ద్విసమ, విషమ అని ఇవే మూడు ఉన్నాయి. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే మన భాషలో లెక్కలు చెప్పుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. తెలుగు మాటలతో లెక్కలు చదవడం చిన్నతనం అనుకునే పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

ఒక అనుమానం ఇక్కడే వస్తుంది. మూడూ సమానమైతే అందులో రెండు సమానం అయినట్టే కదా, మరి సమబాహు త్రిభుజం సమద్విబాహు కూడా అవుతుందా? ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రెండు మాత్రమే సమానమైనదాన్ని ఐసోసెలిస్ అన్నాడు. ఇప్పటి లెక్కల్లో కనీసం రెండు అని చెప్పుకుంటారు కాబట్టి అవుతుంది. పరీక్షలో మాత్రం బొమ్మకు పూర్తిగా సరిపోయే పేరే రాయండి, మూడూ సమానమైతే సమబాహు అనే రాయండి.

రాతలో కూడా జాగ్రత్త. భుజంలో ఉన్నది ఒత్తు భ. బాహువులో ఉన్నది మామూలు బ. ఈ రెండూ కలగలిసిపోయి పిల్లలు ‘సమభాహు’ అని రాస్తారు. ఆజానుబాహుడిని గుర్తు చేసుకుంటే తప్పు రాదు.

పుల్లలతో చేసి చూడండి

ఏడు అగ్గిపుల్లలు తీసుకుని మందు కొసలు గీకేయండి. సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబు దొరుకుతుంది, దాన్ని ఒక్కోటి ఒకటిన్నర సెంటీమీటరు ఉండేలా ఏడు ముక్కలు చేయండి. ట్యూబు ముక్కకు రెండు వైపుల నుంచీ పుల్లలు దూరిస్తే అదే మూల అవుతుంది, ఎటు కావాలంటే అటు వంగుతుంది. పనికిరాని వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా దేశమంతటా బడిపిల్లలకు పరిచయం చేసిన పద్ధతి ఇది. ఇంత చవగ్గా ఇంత బాగా అర్థమయ్యే సాధనం నాకు ఇంకోటి దొరకలేదు.

మూడు పుల్లలతో ఒక బొమ్మ, నాలుగు పుల్లలతో ఒక బొమ్మ చేయండి. మూడు పుల్లలదాన్ని బల్ల మీద పెట్టి ఏ మూల పట్టుకుని నెట్టినా ఆకారం మారదు. మొత్తం బొమ్మ జరుగుతుందే తప్ప మూలలు విచ్చుకోవు, ముడుచుకోవు. ఇప్పుడు నాలుగు పుల్లలదాన్ని ఒక మూల దగ్గర వేలితో మెల్లగా నెట్టండి. నిటారుగా ఉన్నది పక్కకు ఒరుగుతుంది. ఇంకా నెడితే సన్నగా, పేకముక్కల్లో డైమన్ గుర్తులా అవుతుంది. ఇంకా నెడితే పుల్లలు ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఇంతసేపూ పుల్లల పొడవు మారలేదు. నాలుగు భుజాలూ మొదటి నుంచి చివరి దాకా సమానమే.

మా పిల్ల ఇక్కడ ఆగిపోయింది. బొమ్మను ఒరగనిచ్చి, మళ్ళీ నిలబెట్టి, మళ్ళీ ఒరగనిచ్చి, “అంటే నేను గీసింది ఇదన్నమాట” అంది.

త్రిభుజంలో మూడు పొడవులు తెలిస్తే కోణాలు తమంతట తామే ఖాయమైపోతాయి. మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు, భుజాలు సమానమైతే ఎదుటి కోణాలూ సమానం, కాబట్టి ఒక్కోటి 60 డిగ్రీలు. అందుకే త్రిభుజం దగ్గర ‘సమబాహు’ అన్న ఒక్క మాట సరిపోతుంది. నాలుగు భుజాలు, ఆ పైన ఎన్ని ఉన్నా అది సరిపోదు, కోణాల సంగతి విడిగా చెప్పాలి. కరెంటు టవర్లలో ఇనుప కమ్మీలను అడ్డంగా, ఏటవాలుగా వేసి అన్నిటినీ త్రిభుజాలుగా కట్టేసేది కూడా ఈ ఒరిగిపోయే గుణం లేకుండా చేయడానికే.

గీయడం ఎలా

వృత్తలేఖినితో గీయడం రెండు నిమిషాల పని. 6 సెంటీమీటర్ల రేఖ గీసి చివరలకు అ, ఆ అని పేర్లు పెట్టండి. వృత్తలేఖినిని సరిగ్గా ఆ రేఖంత తెరవండి. స్కేలు మీద కొలవకండి, రేఖ మీదే ఒక కాలు అ దగ్గర, ఇంకో కాలు ఆ దగ్గర పెట్టి తెరవండి. ఇప్పుడు అ దగ్గర ముల్లు పెట్టి పైన ఒక చాపం గీయండి. వెడల్పు మార్చకుండా ఆ దగ్గర ముల్లు పెట్టి ఇంకో చాపం. రెండూ కలిసిన చోటును రెండు చివరలకూ కలపండి. అయిపోయింది. దాదాపు 2300 ఏళ్ళ కింద యూక్లిడ్ తన ఎలిమెంట్స్‌ను మొదలుపెట్టిన మొట్టమొదటి ప్రతిపాదన ఇదే. అంత పెద్ద గ్రంథానికి ఇదే గడప.

తప్పు ఎక్కువగా వచ్చేది వృత్తలేఖిని మర వదులైపోవడం వల్ల. మొదటి చాపానికీ రెండో చాపానికీ మధ్య అది అర మిల్లీమీటరు విచ్చుకుంటుంది, బొమ్మ సమబాహు కాకుండా సమద్విబాహు అయిపోతుంది. రెండో చాపం గీశాక వృత్తలేఖినిని మళ్ళీ మొదటి రేఖ మీద పెట్టి చూసుకోండి. సరిపోతే అంతా సరే. పెన్సిలు మొన సన్నగా ఉండాలి. మొద్దు పెన్సిలుతో గీస్తే చాపమే ఒక మిల్లీమీటరు మందం వస్తుంది, అందులో ఏ బిందువును తీసుకోవాలో తెలియదు.

సాధనాలేవీ లేకపోతే కాగితం మడత చాలు. జిరాక్స్ కాగితం ఒకటి తీసుకుని నిలువుగా సగానికి మడిచి విప్పండి. నడిమిన ఒక గీత పడుతుంది. ఇప్పుడు కింది ఎడమ మూలను వేలితో నొక్కిపట్టి, కింది కుడి మూలను పైకి ఎత్తి ఆ నడిమి గీత మీద ఆనేలా మడవండి. మడత ఎడమ మూల గుండా పోవాలి. కుడి మూల గీతను తాకిన చోట పెన్సిలుతో చుక్క పెట్టి కాగితం విప్పేయండి. ఆ చుక్కను కింది రెండు మూలలకూ కలిపితే సమబాహు త్రిభుజం. ఎందుకైందో కూడా పిల్లల చేత చెప్పించండి. మడిచినంత మాత్రాన కాగితం అంచు పొడవు మారదు, కాబట్టి చుక్క ఎడమ మూల నుంచి అంచంత దూరంలోనే ఉంది. నడిమి గీత మీద ఉంది కాబట్టి రెండు మూలలకూ సమదూరంలో ఉంది. నాకు వృత్తలేఖిని పద్ధతి కంటే ఇదే ఎక్కువ ఇష్టం, కారణం మడతలోనే కనిపిస్తుంది.

ఎత్తు, వైశాల్యం

సమబాహు త్రిభుజంలో భుజాన్ని 0.866తో గుణిస్తే ఎత్తు వస్తుంది. ఇది రూట్ 3లో సగం. దశాంశాలు గుర్తుండకపోతే 15కి 13 అని పెట్టుకోండి. భుజం 15 అయితే ఎత్తు దాదాపు 13, భుజం 30 అయితే 26. తేడా వెయ్యిలో ఒక వంతు కూడా రాదు. వైశాల్యం భూమిలో, అంటే కింది భుజంలో, సగాన్ని ఎత్తుతో గుణిస్తే వస్తుంది. త్రిభుజానికి ఈ నియమాన్ని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఒక్క అర శ్లోకంలో చెప్పాడు. 15కి 13 లెక్కను అందులో పెడితే, భుజం వర్గాన్ని 13తో గుణించి 30తో భాగిస్తే సరి. అలెగ్జాండ్రియాకు చెందిన ప్రాచీన గణితవేత్త హెరాన్ కూడా ఇదే 13/30 వాడాడు. బడిలో రూట్ 3 బై 4 అని నేర్పే సూత్రం ఇదే, కాకపోతే అది కచ్చితమైనది. పరీక్షలో రూట్ 3 రాయండి, బయట పనికి 13/30 వాడుకోండి.

ముగ్గులోనూ తోటలోనూ ఒకటే లెక్క

ఈ 15కి 13 నాకు అసలు ఉపయోగపడింది సంక్రాంతి ముగ్గు దగ్గర.

చుక్కల ముగ్గు రెండు రకాలుగా పెడతాం. చుక్క కింద చుక్క వచ్చేలా పెడితే నాలుగేసి చుక్కల మధ్య చతురస్రాలు ఏర్పడతాయి. రెండు చుక్కల సందులో కింది వరుస చుక్క వచ్చేలా పెడితే త్రిభుజాలు ఏర్పడతాయి. ‘13 చుక్కలు, 7 వచ్చే దాకా సందు చుక్క’ అంటే నడుమ 13 పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గిస్తూ 12, 11, 10 అలా 7 దాకా పోవడం. మొత్తం 127 చుక్కలు, అంచు చూస్తే ఆరు పక్కల ఆకారం, ఒక్కో పక్కన 7 చుక్కలు. ఆరు రేకుల పువ్వులు, నక్షత్రాలు వచ్చే ముగ్గులన్నీ దీని మీదే.

చాలామంది ముగ్గు ఎందుకో నిలువుగా సాగినట్టు వస్తుంది. చుక్కలు లెక్కకు సరిగ్గానే ఉంటాయి, గీతలూ తప్పు ఉండవు, అయినా పువ్వు గుండ్రంగా రాదు. కారణం వరుసల దూరం. చుక్కకూ చుక్కకూ ఎంత ఎడం పెట్టామో వరుసకూ వరుసకూ అంతే ఎడం పెట్టేస్తాం. అలా పెడితే ఏటవాలుగా ఉన్న చుక్కల దూరం అడ్డంగా ఉన్నదాని కంటే ఎక్కువైపోతుంది. అడ్డంగా 10 ఉంటే ఏటవాలుగా 11కు పైనే వస్తుంది. మనం పెట్టినవి సమబాహు త్రిభుజాలు కావు, సమద్విబాహు త్రిభుజాలు. వరుసలు దగ్గరికి జరగాలి. చుక్కల మధ్య 15 సెంటీమీటర్లు అయితే వరుసల మధ్య 13.

వాకిట్లో టేపు పెట్టి ఎవరూ కొలవరు కాబట్టి వేళ్ళతో పెట్టుకోండి. చుక్కకూ చుక్కకూ ఏడు వేళ్ళ ఎడం, వరుసకూ వరుసకూ ఆరు వేళ్ళు. కంటికి తేడా తెలియనంత దగ్గరగా వస్తుంది. అమ్మకు ఈ లెక్క చెబితే, “మేం కంటితోనే కాస్త దగ్గరగా పెట్టేవాళ్ళం, ఎందుకో చెప్పమంటే తెలియదు” అంది. ఆమె పాత ముగ్గు ఫోటో ఒకటి తీసి స్కేలుతో కొలిచి చూశాను. పైనుంచి తీసిన ఫోటో, కొలత దాదాపు అదే వచ్చింది. ఏళ్ళ తరబడి తెల్లవారుజామున వాకిట్లో కూర్చున్న చెయ్యి రూట్ 3ని పట్టుకుంది. నాకు ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఇదే లెక్క ఆయిల్ పామ్ తోటలో డబ్బు లెక్క అవుతుంది. ఏలూరు జిల్లా వైపు వెళితే కనిపించే ఆయిల్ పామ్ తోటలన్నీ త్రిభుజం పద్ధతిలోనే ఉంటాయి. ఏ మొక్క నుంచి ఏ పక్క మొక్కకు కొలిచినా 9 మీటర్లు. వరుసల మధ్య 9 కాదు, 7.8 మీటర్లు. 9ని 15తో భాగించి 13తో గుణించి చూడండి, సరిగ్గా 7.8 వస్తుంది. చదరంగా 9కి 9 వేస్తే ఎకరానికి దాదాపు 50 మొక్కలు పడతాయి. త్రిభుజంగా వేస్తే 57. మొక్కల మధ్య దూరం ఒక్క అంగుళం తగ్గలేదు, ఎండా గాలీ దేనికీ తక్కువ కాలేదు, అయినా ఏడు మొక్కలు అదనం. చదరంగా వేసినప్పుడు నాలుగు మొక్కల నడుమ మిగిలిపోయే ఖాళీని ఈ పద్ధతి వాడుకుంటుంది.

గుర్తులు పెట్టడం కూడా యూక్లిడ్ చాపాల పనే. గట్టు వెంబడి మొదటి వరుసలో 9 మీటర్లకొక గూటం పాతండి. 9 మీటర్ల తాళ్ళు రెండు తీసుకుని, పక్క పక్క గూటాలకు ఒక్కో తాడు కట్టి, రెండు కొసలనూ కలిపి బిగువుగా లాగండి. కలిసిన చోట రెండో వరుస గూటం. నైలాన్ తాడు వద్దు, లాగినకొద్దీ సాగుతుంది. సాగని తీగ గానీ, స్టీలు టేపు గానీ వాడండి. ఒక్కో గూటం దగ్గర రెండంగుళాలు తేడా వస్తే ఇరవయ్యో వరుసకు వచ్చేసరికి గీత ఎటో పోతుంది. అందుకని ప్రతి నాలుగైదు వరుసలకు ఒకసారి మొదటి వరుస నుంచి నేరుగా కొలిచి, 7.8ని మధ్యలో ఉన్న వరుసల ఎడాల సంఖ్యతో గుణించి సరిచూసుకోండి.

నాలుగు భుజాల దగ్గర మోసపోకండి

నాలుగు భుజాలూ సమానమైన బొమ్మను సమచతుర్భుజం అంటారు, ఇంగ్లీషులో రాంబస్. దానికి నాలుగు మూలలూ 90 డిగ్రీలు ఉంటే అప్పుడు చతురస్రం. ప్రతి చతురస్రమూ సమచతుర్భుజమే, ప్రతి సమచతుర్భుజమూ చతురస్రం కాదు. మా పిల్ల బొమ్మ కింద ‘సమచతుర్భుజం’ అని రాసి ఉంటే పూర్తి మార్కులు వచ్చేవి.

కోణమానిని లేకుండానే తేల్చుకోవచ్చు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు, అంటే కర్ణం కొలవండి. రెండో కర్ణం కూడా కొలవండి. భుజాలు సమానమై, కర్ణాలూ సమానమైతే చతురస్రం. కర్ణాలు తేడాగా ఉంటే ఎంత తేడాగా ఉంటే అంత ఒరిగినట్టు.

దీని విలువ నాకు మా ఇంట్లో టైల్స్ వేసేటప్పుడు తెలిసింది. స్థలమే కాస్త వంకర, గోడలు స్థలం హద్దు వెంబడి కట్టుకుంటూ పోయారు. హాలు నాలుగు వైపులా 14.5 అడుగులు, టేపు పెట్టి చూస్తే ఎక్కడా తేడా లేదు. టైల్స్ మేస్త్రి పెట్టెలు విప్పకముందే దారం పట్టుకుని మూల నుంచి మూలకు లాగాడు. ఒక కర్ణం 20 అడుగులు, ఇంకోటి 21. “గోడలు సమానమేనమ్మా, మూలలే ఒప్పుకోవట్లేదు” అన్నాడు. సరైన చతురస్రమైతే రెండూ ఇరవై అడుగుల ఆరంగుళాలు ఉండాలి.

వైశాల్యం చూస్తే నష్టం ఏమీ లేదు. భుజాలు సమానమైన నాలుగు పక్కల బొమ్మకు కర్ణాలు రెంటినీ గుణించి సగం చేస్తే వైశాల్యం. 20ని 21తో గుణిస్తే 420, సగం 210 చదరపు అడుగులు. నిటారుగా ఉంటే 210.25 ఉండేది. పావు చదరపు అడుగు ఎవరు చూస్తారు? కానీ ముందు గోడకు సరిగ్గా టైల్ వరుస మొదలుపెట్టి వెనక గోడ దాకా పోతే, పక్క గోడ దగ్గర ఎనిమిదిన్నర అంగుళాలు పక్కకు పోతుంది. ఒక చివర ముక్కే అక్కర్లేదు, ఇంకో చివర ఎనిమిదిన్నర అంగుళాల ముక్క కావాలి. అది గుమ్మంలో నిలబడగానే కంట్లో పడుతుంది. మేస్త్రి సోఫా వచ్చే వైపు గోడకు ఆ వంకర ముక్కలు వెళ్ళేలా గీత మార్చి మొదలుపెట్టాడు. ముందే కొలవబట్టి సరిపోయింది. మీరు కూడా టైల్స్ దించే రోజు కాకుండా, గోడలు లేపే ముందే, పునాది ముగ్గు పోసినప్పుడే కర్ణాలు రెండూ కొలిపించండి. అప్పుడైతే దారం జరిపితే చాలు.

స్థలం కొనేటప్పుడు మాత్రం వైశాల్యం కూడా చూసుకోవాలి. నాలుగు వైపులా 50 అడుగులు అని చెప్పిన స్థలానికి కర్ణాలు 60, 80 వస్తే వైశాల్యం 2400 చదరపు అడుగులే, 2500 కాదు. అంటే 11 గజాలకు పైగా తక్కువ. మీ ఊళ్ళో గజం ధర ఎంతో మీకే తెలుసు. నాలుగు హద్దుల కొలతలు సరిపోయాయని సంతకం పెట్టకుండా ఒక్క కర్ణం అడగండి. భుజాలు నాలుగూ, కర్ణం ఒకటీ తెలిస్తే స్థలం రెండు త్రిభుజాలైపోతుంది, పుల్లల ఆటలో చూశాం కదా, త్రిభుజం ఇక ఎటూ ఒరగదు.

అయిదూ ఆరూ ఆ పైన

భుజాలన్నీ సమానమై, కోణాలన్నీ కూడా సమానమైన బొమ్మకు వేరే మాట ఉంది, క్రమ బహుభుజి. తేనెపట్టులో గదుల నోళ్ళు క్రమ షడ్భుజికి చాలా దగ్గరగా ఉంటాయి. పిల్లలు ‘భుజాలు సమానం’ అనగానే ‘క్రమ’ అని రాసేస్తారు. అది ఆపడానికి ఒకే ఒక్క బొమ్మ చాలు, అయిదు మొనల నక్షత్రం. ఎత్తకుండా గీసే నక్షత్రం లోపలి గీతలు చెరిపేసి అంచు మాత్రం ఉంచండి. పది భుజాలు, పదీ సమానం. కానీ మొనల దగ్గర కోణం 36 డిగ్రీలు, మొనల మధ్య లోపలికి నొక్కుకున్న చోట 252 డిగ్రీలు. భుజాలన్నీ సమానమే, క్రమం కాదు. తిరగేసి కూడా చూపించండి. తలుపు నాలుగు మూలలూ సమానం, భుజాలు సమానం కాదు. అదీ క్రమం కాదు.

క్రమ షడ్భుజి గీయడానికి కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. వృత్తం గీసి, వృత్తలేఖిని వెడల్పు మార్చకుండా అంచు మీద ఒక్కో అడుగు వేస్తూ వెళ్ళండి. సరిగ్గా ఆరో అడుగుకు మొదలుపెట్టిన చోటికి వస్తారు. రాకపోతే మర వదులైందన్నమాట. కేంద్రానికి గీతలు కలిపితే లోపల ఆరు సమబాహు త్రిభుజాలు కనిపిస్తాయి, ముగ్గులో నడుమ చుక్క చుట్టూ ఉన్నవి అవే.

ఇక లెక్క చేసేటప్పుడు

బొమ్మ గీయగానే సమానమైన భుజాల మీద అడ్డంగా ఒక్కో చిన్న గీత పెట్టడం అలవాటు చేసుకోండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోండి, ఇది త్రిభుజమా, కాదా? త్రిభుజమైతే ప్రతి కోణం దగ్గరా 60 అని వెంటనే రాసేయొచ్చు. కాకపోతే లెక్కలో కోణం గురించి గానీ కర్ణం గురించి గానీ ఏం చెప్పారో వెతకండి, చెప్పకుండా 90 అనుకోకండి.

ఒక లెక్క చేసి చూడండి. సమబాహు త్రిభుజం చుట్టుకొలత 36 సెంటీమీటర్లు, వైశాల్యం ఎంత? మాట చెబుతున్నది మూడు భుజాలూ సమానం అని, కాబట్టి ఒక్కో భుజం 12. దాని వర్గం 144. రూట్ 3 బై 4తో గుణిస్తే 36 రూట్ 3, అంటే దాదాపు 62.35 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు పక్కన చిత్తుగా 144ని 13తో గుణించి 30తో భాగించండి. 62.4 వస్తుంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఎక్కడా గుణకారం తప్పలేదు.